గాలి పట్టిన బండి

మొన్నొక ఉదయం బేస్తవారిపేటలో మా బడి గేటు ముందు కూరగాయల పికప్ బండి ఒకటి ఆగిపోయింది. ముసలి బండి. తాళం తిప్పినప్పుడల్లా ఇంజను గిర్రున తిరుగుతుంది, ఎంతసేపు తిరిగినా అందుకోదు, అలిసిపోయినట్టు ఊరుకుంటుంది. డ్రైవరు బానెట్టు ఎత్తి ఏదో వదులు చేసినట్టున్నాడు, సన్నగా డీజిలు వాసన గేటు దాటి వరండాలోకి వచ్చింది. ప్రార్థనకు గంట కొట్టించాల్సిన వేళ. పిల్లలు వరసల్లో నిలబడి నా ముఖం చూస్తున్నారు. నేను మాత్రం గేటు దాకా నడిచి, "పొగ వస్తోందా?" అని అడిగాను. పంతులమ్మకు పొగతో ఏం పని అన్నట్టు చూసి, "రావట్లేదు మేడం" అన్నాడు. "అయితే బ్యాటరీ జోలికి పోవద్దు. చమురు అందడం లేదు, ఎక్కడో గాలి పడుతోంది. ట్యాంకు దగ్గర్నుంచి పైపు తడుముకుంటూ రా" అని చెప్పి వెనక్కి తిరిగాను. ఆ రోజు మొదటి పీరియడు పాఠం సరిగా చెప్పలేకపోయాను.

మాది మార్కాపురానికి ఎడంగా, పలకరాతి గనుల పక్కన ఉండే పల్లె. ఊరికి తూర్పున చేలు, వాటిని దున్నుకునే రైతుల ఇళ్ళు. పడమట మా పేట, మా చిన్న చర్చి, దాన్ని దాటితే గనులు. వాన తక్కువ నేల కావడంతో మాకు కాలాలు ఆకాశంలో కంటే దుమ్ములోనే ఎక్కువ తెలిసేవి. వానల్లో ఆ బూడిదరంగు దుమ్ము అడుసై కాళ్ళకు పట్టేది, చలికాలం పొద్దున మంచుతో కలిసి చెట్ల ఆకుల మీద పొరలా పేరుకునేది, ఎండాకాలం మాత్రం కళ్ళలో, చెవుల్లో, సద్దిగిన్నెలో, సజ్జరొట్టె మడతల్లో, ఆఖరికి ఆదివారం ఉతికి కట్టుకున్న తెల్లబట్టల్లో కూడా అదే ఉండేది. ఆడవాళ్ళు గని అంచున వరసగా కూర్చుని ఉలితో, చిన్న సుత్తితో రాతిని పొరలు పొరలుగా చీలుస్తుంటే ఆ టిక్ టిక్ చప్పుడు ఇంటి దాకా వినపడేది. ఆ చప్పుడు ఆగిందంటే అన్నాల వేళయిందని మా లెక్క. విరిగిన పలక ముక్కలన్నీ పిల్లలవే. వాటితోనే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, వాటి మీదే అక్షరాలు దిద్దేవాళ్ళం. మా ఊళ్ళో బడికి పోని పిల్లకు కూడా పలక ఉండేది.

మా నాయన దేవదానం గనుల్లో పని చెయ్యలేదు. ఎవరో వాడి వదిలేసిన నీలంరంగు డీజిలు పికప్పును తెచ్చుకుని, పొద్దున కూలోళ్ళను గనికి దింపేవాడు, సాయంత్రం పలకల కట్టలు మార్కాపురానికి చేరవేసేవాడు. పండక్కి గొర్రెపొట్టేళ్ళనూ, పెళ్ళికి పందిరి సామానునూ, పక్క ఊళ్ళో ప్రార్థన కూడికకు పాటలు పాడే మమ్మల్నీ ఎక్కించుకుని పోయేది ఆ బండే. క్రిస్మస్ ముందు వారం బండి తలకు వెదురు నక్షత్రం కట్టి, రంగుకాగితాలు అతికించి నాయన ఊరంతా ఒక చుట్టు తిప్పేవాడు. వెనక నిలబడి పాడుతూ, చేతిలో కర్జికాయ నలగకుండా పట్టుకోవడం మాకు పెద్ద విద్య. రైతుల వీధిలోకి పోయినప్పుడు ఓబులయ్య తాత, ఎద్దులున్న పెద్ద ఆసామి, అరుగు దిగి వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఏం దానం, నీ ఎద్దు మేత తినిందా?" అని నవ్వేవాడు.

నాయనకు చదువు రాదు. కానీ ఆయన చెవికి ఇంజను చప్పుడు చదవడం వచ్చు. సాయంత్రం వేపచెట్టు కింద బండి నిలిపి, మడ్‌గార్డుకు ఆనుకుని బీడీ ముట్టించి, ఆదివారం బడిలో పాస్టరమ్మ మమ్మల్ని అడిగినట్టే నన్ను ప్రశ్నలు అడిగేవాడు.

"బండి లేవలే. ముందు ఏం జూడాల?"

"ఇంజను తిరగతాందో లేదో జూడాల."

"తిరగతాంది."

"పొగొస్తాందేమో జూడాల."

"రాలే."

"అయితే చమురు అందలే."

"ట్యాంకులో చమురుండాది గదా పాపా?"

"దారిలో గాలి పట్టింది!"

చివరి జవాబు నేను అరిచి చెప్పేదాన్ని. చమురు పోయే దారిలో గాలి చొరబడితే పంపు చమురును వదిలేసి గాలినే లాగుతుందని, ఆ గాలి తీసేదాకా ఎంత తిప్పినా ఇంజను లేవదని ఆయన చెప్పేవాడు. "మనిషి గాలి లేక సస్తాడు, ఇది గాలి పట్టి సస్తాది" అనేవాడు. వరసగా చూస్తే దొరకని లోపం ఉండదని ఆయన నమ్మకం. తొందరపడి నాలుగు చోట్ల చెయ్యి పెట్టేవాళ్ళంటే ఆయనకు చులకన.

నాకు పదో ఏడు నడుస్తున్న ఆ ఎండాకాలంలో వేపచెట్టు కింద, బండి నిలిచే చోట, దుమ్ములో అరచేతంత తడి మచ్చ కనపడటం మొదలైంది. బండి నడుము కింద ఎక్కడి నుంచో రాత్రంతా ఒక్కొక్క చుక్కే కారిన డీజిలు అది. నాకది దొరికిన నిధి. ఆకుతో ఒక చుక్క పట్టి మేకల నీళ్ళతొట్టిలో వదిలితే నీటి మీద నెమలి మెడ రంగులన్నీ పరుచుకునేవి. గౌనుకు మరకైతే అమ్మ కొడుతుందని ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే పోయి ఆడుకునేదాన్ని. అదే రోజుల్లో పొద్దునపూట బండి మొదటి తిప్పుకు లేవడం మానేసింది. రెండు, మూడు, ఒకరోజు ఏడు. నాయన చెవి ఒగ్గి వినేవాడు. "పైపులు పాతబడినాయి. వచ్చే వారం మార్కాపురంలో మార్పిచ్చాల" అనేవాడు. వారం వచ్చేది, పని ఉండేది, వారం పోయేది.

ఆ రోజు అమ్మకు సద్ది తీసుకుని గనికి పోయింది నేనే. పొద్దు నడినెత్తి దాటింది. నాయన పలకల కట్టలు ఎక్కించుకోవడానికి బండిని రాళ్ళదిబ్బ నీడలో నిలిపి ఉన్నాడు. అమ్మ, పేరు సుందరమ్మ, గని అంచున కాళ్ళు చాపుకుని కూర్చుని రాయి చీలుస్తోంది. ఆమె వెనక నిలువుగా ఆనించిన రాతిబిళ్ళల వరస ఎట్లా జారిందో ఎవరూ చూడలేదు. టిక్ టిక్ చప్పుళ్ళ మధ్య ఒక బరువైన చప్పుడు, ఆ వెంటనే అమ్మ అరుపు. మేం పరిగెత్తేసరికి ఎడమ మోకాలి కింద ఒక బిళ్ళ అడ్డంగా పడి ఉంది. అమ్మ తమ్ముడు, మా యాకోబు మామ, గడ్డపార దూర్చి దాన్ని ఎత్తాడు. రక్తం పెద్దగా రాలేదు. అది చూసి అందరం కొంచెం ధైర్యపడ్డాం. మామ తన తువ్వాలు చింపి కట్టాడు. నలుగురు పట్టి అమ్మను బండి వెనక గోనెసంచుల మీద పడుకోబెట్టారు. పాదం ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకోమని నన్ను కూర్చోబెట్టారు.

నాయన తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరిగింది. లేవలేదు.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. బ్యాటరీ అని ఒకరు, తోద్దామని ఒకరు. బ్యాటరీ బాగుండబట్టే అంత చురుగ్గా తిరుగుతోందని నాయన వాళ్ళకు చెప్పి, వెనక్కి తలతిప్పి నన్నడిగాడు.

"పాపా, పొగొస్తాందా?"

నేను అంచు మీదుగా వంగి చూశాను. "రాలే నాయనా."

ఆయన దిగాడు. పరిగెత్తలేదు. పుల్ల తీసుకుని ట్యాంకులో ముంచి చూశాడు, బెత్తెడు తడిసింది. చమురుంది. బానెట్టు ఎత్తి ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, పక్కనే ఉన్న చిన్న చేతిపంపు నొక్కాడు. తెల్లటి నురగ, బుడగలు. "గాలి" అన్నాడు, అందులో కొంచెం సంతోషం కూడా ఉంది, ఎందుకంటే అది ఆయనకు తెలిసిన శత్రువు. బుడగలు ఆగేదాకా నొక్కి, బోల్టు బిగించి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది, తెల్లపొగ వదిలింది, బండి మొత్తం వణికింది. అందరూ "ఆ ఆ" అన్నారు. ఆగిపోయింది.

అప్పటికే మామ ఓబులయ్య తాత చేనికి మనిషిని పంపాడు. పాతిక నిమిషాల్లో తాత ఎద్దులబండి కట్టుకుని, మీద వరిగడ్డి పరుచుకుని వచ్చాడు. ఈలోగా నాయన ఇంకోసారి గాలి తీశాడు, బోల్టు చుట్టూ సబ్బు పూసి బిగించాడు, ఇంజను ఇంకోసారి దగ్గి చచ్చింది. మామ దగ్గరికి పోయి మెల్లగానే అన్నాడు.

"బావా, ఎద్దులబండి వచ్చింది. అరగంటలో రోడ్డుకు పోతాం. ఆడ లారీలు తెంపు లేకుండా పోతాంటాయి. దింపుదాం అక్కను."

"పది నిమిషాలు యాకోబూ. దొరికింది. పది నిమిషాలు."

"ఇందాకా అదే మాటన్నావు."

నాయన తల ఎత్తలేదు. చేతిలో పానా వణుకుతోంది. ఊరికి అదొక్కటే బండి, ఆయనొక్కడే డ్రైవరు, గనిమీది కూలోళ్ళంతా ఆయన వీపునే చూస్తున్నారు. ఓబులయ్య తాత ముల్లుగర్ర పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు అమ్మ గోనెసంచుల మీద నుంచి, పళ్ళు బిగబట్టుకునే, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"మీ బావను జూడనీ రా. దీని మీదనే పోదాం."

మామ ఆమెను చూశాడు, నాయనను చూశాడు, వెనక్కి తగ్గాడు.

నా ఒళ్ళోని పాదం చల్లబడుతోంది. ఆ ఎండకు బండి రేకు ముట్టుకుంటే కాలిపోతుంటే, అమ్మ పాదం మాత్రం కుండలో నీళ్ళలా ఉంది. చెప్పాలా వద్దా అని కాసేపు తేల్చుకోలేకపోయాను. "అమ్మ కాలు సల్లగుండాది" అని ఒకసారి అన్నాను. నీడలో ఉంది గదా అన్నారెవరో.

ఇంకెంతసేపయిందో. నాయన గాలి మూడోసారి తీశాడు. మూడోసారి కూడా రెండు దగ్గులే. ముందున్న గాలి తీస్తుంటే వెనక నుంచి కొత్త గాలి వస్తోందని ఆయనకు అప్పటికి అర్థమైంది, కానీ ఎక్కడి నుంచో దొరకలేదు. పైన ఉన్న ప్రతి బిగింపునూ తడుముతున్నాడు. ఆయన కళ్ళలో చెమట, దుమ్ము. అప్పుడు నేను అంచు మీదుగా కిందికి చూశాను. బండి నడుము కింద, రాళ్ళదిబ్బ దుమ్ములో, అరచేతంత తడి మచ్చ.

"నాయనా" అన్నాను. "ఈడ తడైతాది. ఇంటికాడ గూడా దినామూ అయితాది."

నాయన నన్ను చూశాడు. కోపం లేదు. అప్పుడు ఆయన ముఖంలో ఉన్నదేమిటో నాకు ఇప్పటికీ పేరు తెలియదు. వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఇనుపపట్టీ వెనక వంపు తిరిగేచోట చీలి ఉంది. బండి నిలిచి ఉంటే ఆ చీలికలో నుంచి చమురు కారుతోంది, పంపు లాగేటప్పుడు అందులో నుంచే గాలి పోతోంది. అతుకు వెయ్యడానికి మిగిలిన పైపు చాలలేదు. ఆయన ఇంక ఆలోచించలేదు. డబ్బాలో చమురు తోడుకుని, చమురు తోడే సన్నపైపును ఒక కొస డబ్బాలో ముంచి, రెండో కొస తిన్నగా పంపుకు తగిలించి, డబ్బాను క్యాబిన్ నెత్తిన పట్టుకోమని మామను ఎక్కించాడు. గాలి తీసి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది.

ఎవరూ సంతోషపడలేదు. రోడ్డెక్కిన తర్వాత మార్కాపురం వైపే పోయే లారీలు తగులుతూనే ఉన్నాయి, ఒకటి పోతే ఒకటి, మిరపబస్తాలవి, ఖాళీవి, మెల్లగా పోయేవి. ప్రతి లారీనీ మామ పై నుంచి చూస్తున్నాడు.

మార్కాపురంలో కట్టు మార్చి, ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అక్కడి డాక్టరు చాలాసేపు చూసి, పాదానికి రక్తం పోయే నరం నలిగిందని, మోకాలి పై దాకా తియ్యాలని చెప్పాడు. మామ ఒక్కటే అడిగాడు. "గంట ముందర వచ్చింటే సారూ?" డాక్టరు చేతులు కడుక్కుంటూ, "చెప్పలేం. నిలిచేదేమో" అన్నాడు. ఆ మాట పట్టుకుని మామ వరండాలోకి వచ్చాడు. నాయన గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతులకు ఇంకా డీజిలే.

"నీ పది నిమిషాలకు మా అక్క కాలు పోయింది బావా."

వాళ్ళిద్దరి మధ్య నేను విన్న చివరి మాట అదే. ఆ తర్వాత మామ మా ఇంటికి రాలేదు. చర్చిలో అవతలి వైపు కూర్చునేవాడు. రెండేళ్ళు చూసి, పెళ్ళాం పిల్లలతో చంద్రశేఖరపురం వైపు బతకపోయాడు.

బండికి పైపులన్నీ కొత్తవి పడ్డాయి. ఆ తర్వాత అది ఒక్కరోజు కూడా మొరాయించలేదు. నాయన దినామూ తెల్లవారకముందే దాన్ని లేపి, కాసేపు విని, ఆపేవాడు. ఇంట్లో చంకకర్ర చప్పుడు, బయట ఇంజను చప్పుడు, ఈ రెండింటితోనే నాకు తెల్లవారేది. సాయంత్రం ప్రశ్నలు ఆగిపోయాయి. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టమని పిల్లలు వస్తే "వేరే ఎవురినన్నా అడగండి నాయనా" అని పంపేసేవాడు.

ఆ డిసెంబరులో అమ్మ పీట మీద కూర్చుని కర్జికాయలు ఒత్తుతుంటే, లోపలిది ఇంక దాచుకోలేక చెప్పేశాను. తడి మచ్చ ముందే చూశానని, ఆడుకున్నానని, చెప్పలేదని. అమ్మ చేతులు ఆగలేదు.

"నేను జూల్లేదనుకున్యావా? నా చీర అంచుకు అంటుకునేది. మీ నాయన జూల్లేదనుకున్యావా? ముగ్గురం జూసినాం. చుక్కే గదా అనుకున్యాం." పిండి అంటిన వేలితో నా కన్నీళ్ళు తుడవబోయి మానుకుని, "పో, ఇంకో పళ్ళెం తే" అంది.

నాయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన ఉండగానే, పలకలకు గిరాకీ పడిపోయాక బండిని పాత ఇనుము కింద కోసుకుపోయారు, ఆయన చూడటానికి బయటికి రాలేదు. అమ్మ చివరి రెండేళ్ళు నా దగ్గరే ఉంది. పోయిన ఎండాకాలం, కరెంటు పోయి వరండాలో కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను. ఎద్దులబండి వచ్చి నిలబడితే, నాయన బండి మీదనే పోదామని ఎందుకన్నావని.

అమ్మ చాలాసేపు విసనకర్ర విసురుకుంది. "మీ నాయన చేతులు జూసినావా ఆ పొద్దు? వణకతాండె. అంతమంది ముందర నన్ను దింపి ఎద్దులబండి మీద ఏసుకోని పోయింటే ఆ మనిషి మళ్ళ తలెత్తేటోడు గాదు. కాలు పోతాదని నాకేం తెలుసు? ఆయన తలన్నా నిలబెడదామనుకున్యా." విసనకర్ర పక్కన పెట్టి, "అదీ నిలబల్లే" అంది.

ఆ మాటలు చెప్పిన నాలుగు నెలలకు ఆమె పోయింది. అప్పుడు యాకోబు మామ మంచంలో ఉన్నాడు, రాలేకపోయాడు. పోయిన నెల కాస్త కోలుకుని, కొడుకు ఆటోలో ఎక్కించుకుని వస్తే, బేస్తవారిపేటలో మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అక్క ఏమైనా చెప్పిందా అని అడిగాడు. దాచాలనిపించలేదు. అమ్మ మాటలు అమ్మ చెప్పినట్టే చెప్పాను. మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పొద్దు ఆ మాట అన్నది అక్కనే. నేనూ విన్యా. విని గూడా మీ నాయన నెత్తినే పెట్టినా" అన్నాడు. "ఎందుకన్నదో అప్పుడే చెప్పింటే, బావతో మాట్లాడకుండా ఉండేటోణ్ణా తల్లీ?"

మా పల్లె సమాధుల దొడ్డికి పోదామన్నాడు. పోయాం. మా పల్లెలో ఇప్పుడు సుత్తి చప్పుళ్ళు లేవు, గనుల్లో పచ్చటి నీళ్ళు నిలిచాయి, వాటి గట్ల మీద గొర్రెలు మేస్తున్నాయి. మా బడి పిల్లలకు రాతిపలక అంటే ఏమిటో నేను బొమ్మ గీసి చూపించాల్సిందే. దొడ్డి లోపలంతా సర్కారు తుమ్మ అల్లుకుపోవడంతో అమ్మను గేటు పక్కనే పెట్టాం. ఆమె దగ్గర మామ మోకరించి ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత లేచి, "బావది?" అన్నాడు.

ముళ్ళు తప్పించుకుంటూ లోపలికి తీసుకుపోయాను. నాయన మీద మేం రాయి పెట్టించలేదు, మట్టి పోసి వదిలేశాం. పన్నెండేళ్ళ వానలకు మట్టి కుంగి, ఒక పక్క ఒక దిబ్బ, ఇంకో పక్క ఇంకో దిబ్బ, రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ రెండిట్లో ఒకటి అని తెలుసు. ఏదో చెప్పలేకపోయాను. నాకే తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు.

మామ పోయి వాటి మధ్య నిలబడ్డాడు. తర్వాత కుడి పక్కకు తిరిగి, "బావా" అన్నాడు. ఎడమ పక్కకు తిరిగి మళ్ళీ, "బావా" అన్నాడు.